46వ నంబరు శబ్దం

తెలుగు సీరియల్లో కొత్త కోడలు కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసిందనుకోండి. అత్తగారు గ్లాసు పెదవుల దాకా తెచ్చుకునే లోపల వెనకనుంచి ఒక శబ్దం వస్తుంది. వయొలిన్ తీగల్ని విల్లుతో లాగకుండా వేలితో మీటితే వచ్చే శబ్దం. టింగ్, టిడింగ్, టింగ్. దాని కిందుగా, పిల్లిలా నడవాలని చూస్తూ నడవలేకపోతున్న లావాటి మనిషిలాగా, బసూన్. గుటక పడగానే జైలోఫోన్ మీద పైనుంచి కిందికి ఒక్క జారుడు. ఆ తర్వాత అత్తగారి మొహం మూడు కోణాల్లో మూడుసార్లు. మీరు సీరియళ్లు చూడరని నాకు తెలుసు. కానీ పక్కింట్లోంచి వినిపించినా ఇప్పుడక్కడ కామెడీ నడుస్తోందని చెప్పేస్తారు.

ఆ శబ్దం తయారుచేసే వాళ్లలో నేనొకణ్ణి. మాది ఎమ్మిగనూరు. ఉండేది హైదరాబాదులో, యూసఫ్‌గూడలో ఒక గది. వియన్నా, లండన్ ఆర్కెస్ట్రాలు ఆ గదిలో రెండు హార్డ్ డిస్కుల్లో ఉంటాయి. బసూన్ అనే వాద్యాన్ని నేను ఇంతవరకూ ఎదురుగా చూడలేదు. రోజూ వాయిస్తాను మాత్రం. ఎవరో ఎక్కడో ఒక్కొక్క స్వరం విడివిడిగా వాయించి రికార్డు చేసి పెట్టినదాన్ని నేను కీబోర్డు మీటల మీద నొక్కి పలికిస్తాను. వీటినే శాంపిల్స్ అంటాం. సినిమావాళ్లు రీరికార్డింగ్ అనీ, ముద్దుగా ఆర్‌ఆర్ అనీ పిలిచే పనికి టీవీ రూపం ఇది.

నవ్వు పుట్టించడానికి ఈ శబ్దమే ఎందుకు? తెలుగు అత్తకీ, యూరప్ బసూన్‌కీ ఎక్కడ చుట్టరికం కలిసింది? ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

1991లో కీబోర్డు కంపెనీలన్నీ కలిసి జనరల్ మిడి అనే ఒక ఒప్పందానికి వచ్చాయి. ఏ కంపెనీ పెట్టె కొన్నా ఫలానా నంబరు నొక్కితే ఫలానా వాద్యమే పలకాలి. మొత్తం 128 నంబర్లు. 1 పియానో. 14 జైలోఫోన్. 71 బసూన్. 72 క్లారినెట్. ఇక 46, పిజ్జికాటో, అంటే వేలితో మీటిన వయొలిన్ తీగలు. ఆ జాబితాలో మన దేశానికి దక్కినవి రెండు: 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు, నాదస్వరం లేదు. హార్మోనియం లేదు గానీ దాని తాతగారు రీడ్ ఆర్గాన్ 21లో కూచుని ఉన్నాడు. 125 టెలిఫోను మోత, 126 హెలికాప్టరు, 128 తుపాకి పేలుడు. హెలికాప్టరుకు చోటు దొరికింది కదా అని నేనెప్పుడూ నవ్వుకుంటాను. ఆ తర్వాత మన ఊళ్లకు వచ్చిన కీబోర్డులన్నిట్లోనూ, పెళ్లిళ్లలో పాటకచేరీలవాళ్లు వాడేవాటితో సహా, ఈ వరసే. తబలాలూ తంబూరాలూ కలిపి మన దేశం కోసమే యమహా చేసిన కీబోర్డుల్లో కూడా పునాది ఇదే.

మీటిన తీగకు నవ్వుతో సంబంధం మొదట్నుంచీ ఉన్నదేం కాదు. 17వ శతాబ్దంలో మాంటెవెర్డి దాన్ని కత్తియుద్ధం వర్ణించడానికి వాడాడు. 1869లో వియన్నాకు చెందిన స్ట్రాస్ అన్నదమ్ములు, యోహాన్, యోసెఫ్, మొత్తం తీగల్ని మీటుతూనే నడిచే ఒక పోల్కా రాశారు. 1876లో డెలీబ్ ‘సిల్వియా’ బాలేలో అలాంటిదే మరొకటి చేశాడు. విల్లు పక్కన పెట్టి అంతమంది పెద్దమనుషులు ఒక్కసారిగా తీగలు గిల్లుతుంటే చూడ్డానికే సరదాగా ఉంటుంది. అక్కణ్ణించి అది మూకీ సినిమాల్లోకీ, కార్టూన్లలోకీ పాకింది. ‘టామ్ అండ్ జెర్రీ’కి సంగీతం చేసిన స్కాట్ బ్రాడ్లీ ఎలుక ప్రతి అడుగుకూ ఒక స్వరం పెట్టేవాడు. మన పిల్లలు మాటలు రాకముందే నేర్చుకున్న సంగీతభాష అది. పిజ్జికాటో అన్న పేరు వినకపోయినా దాని అర్థం మనకు తెలిసింది ఆ ఎలుక వల్లే.

అయితే సినిమాలో అది అనేక శబ్దాల్లో ఒకటి. టీవీలో మాత్రం అదొక్కటే రాజ్యమేలడానికి కారణం నవ్వు కాదనీ, యంత్రమనీ నా వాదన.

1979లో ఆస్ట్రేలియాలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు ఫెయిర్‌లైట్ అనే యంత్రాన్ని చేశారు. బయటి శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకుని, మీట నొక్కితే తిరిగి పలికే యంత్రాల్లో తొలి తరం అది. 1981లో అమెరికాలో ఎమ్యులేటర్ వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. ఈ రోజు మీ ఫోన్లో గుడ్‌మార్నింగ్ బొమ్మ అంతకంటే ఎక్కువ చోటు తింటుంది. ఆ 128లో పట్టేది సుమారు రెండు సెకన్ల శబ్దం. రెండు సెకన్లలో వయొలిన్ మీద విల్లు ఏం చెప్పగలదు? విల్లుతో లాగిన స్వరం నెమ్మదిగా పుడుతుంది, ఉబ్బుతుంది, వణుకుతుంది, పక్క స్వరంలోకి జారుతుంది. దాన్ని రెండు సెకన్ల దగ్గర కత్తిరించి చివరను అతికించి తిప్పితే ఫ్రిజ్ రొద చేసినట్టు ఉంటుంది. మీటిన స్వరం సంగతి వేరు. అది చెప్పాల్సిందంతా అర సెకనులో చెప్పేసి చచ్చిపోతుంది. జైలోఫోనూ అంతే. బసూన్ పొట్టి పొట్టి స్వరాలూ అంతే. చిన్న బుర్ర ఉన్న యంత్రం నిజంలా పలికించగలిగినవి ఇవే. పైగా వెంటనే ఆరిపోతాయి కాబట్టి డైలాగుకు అడ్డం రావు. ఇంత చవగ్గా, ఇంత వీలుగా దొరికే శబ్దాన్ని టీవీ ఎందుకు వదులుకుంటుంది?

1998లో గిగాశాంపులర్ వచ్చి శబ్దాన్ని నేరుగా హార్డ్ డిస్కు మీదనుంచే చదవడం మొదలయ్యాక పొడుగు స్వరాలకూ దారి తెరుచుకుంది. 2000 తర్వాత వియన్నాలో ఒక చెల్లో కళాకారుడు, హెర్బ్ టుచ్‌మాండ్ల్, ఆర్కెస్ట్రా మొత్తాన్నీ స్వరం స్వరంగా రికార్డు చేయించే పని పెట్టుకున్నాడు. ఇప్పుడు యంత్రానికి ఏడుపు కూడా బాగానే వచ్చు. కానీ కామెడీకి మాత్రం ఆ పొట్టి స్వరాలే ఖాయమైపోయాయి.

ఒక చిన్న పితలాటకం ఉంది. ఒకే శాంపిల్‌ని గబగబా పదిసార్లు నొక్కితే పదిసార్లూ అచ్చంగా ఒకేలా పలుకుతుంది, మర తుపాకిలాగా. దానికి విరుగుడుగా ఒక్కో స్వరాన్నీ నాలుగైదుసార్లు వాయించి రికార్డు చేసి, నొక్కిన ప్రతిసారీ వంతులవారీగా ఒక్కొక్కటి వచ్చేలా పెడతారు. మనుషులు చేసే చిన్న చిన్న తేడాలను యంత్రం చేత నటింపజేయడమన్నమాట. మా నాయన మగ్గం మీద కూర్చున్నప్పుడు నాడె అటూ ఇటూ పోయే చప్పుడు రోజంతా వినిపించేది. బయటివాళ్లకు అది ఒకటే చప్పుడు. నూలు తడిసినా, పోగు తెగబోతున్నా ఆయనకు ముందు చెవికే తెలిసేది. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరుబడ్డ ఊరు మాది. అక్కడ ఈ చెవి ఉన్నవాళ్లు వీధికి పదిమంది.

ఇక నవ్వు విషయం. టీవీలో తొలి శాంపిల్ ఏ వాద్యానిదీ కాదు, నవ్వుదే. 1950ల మొదట్లో అమెరికాలో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు ఒక పెట్టె చేశాడు. మీటలు, వాటికి అతికిన టేపు చుట్టలు, చుట్టల్లో మనుషుల నవ్వులు. కిసుక్కుమనేది ఒకటి, పగలబడేది ఒకటి, చప్పట్లతో కలిసినది ఇంకొకటి. స్టూడియోలో జనం లేకపోయినా ఆయన ఆ మీటల మీద జనాన్ని వాయించేవాడు. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలట్రాన్‌దీ అదే కిటుకు: మీటకొక టేపు, టేపుకు దాదాపు ఎనిమిది సెకన్లు, అందులో వయొలిన్లో వేణువులో. నవ్వుల పెట్టే, వాద్యాల పెట్టే అన్నదమ్ముల బిడ్డలు. మన సీరియళ్లు ఆ నవ్వుల పెట్టెను పెద్దగా తెచ్చుకోలేదు, దాని పనిని 46వ నంబరుకు అప్పజెప్పాయి. ఇక్కడ నవ్వాలి అని చెప్పే బాధ్యత దానిదే. ఎదురుగా జనం లేని చోట సంగీతమే జనమై కూర్చుంది.

జనం ఎదురుగా ఉన్నప్పుడు ఏం జరిగేది? అది చెప్పడానికి మా వైపు రావాలి.

ఆదోని, ఎమ్మిగనూరు ఇప్పుడు కర్నూలు జిల్లా పడమటి అంచు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా అది బళ్ళారి జిల్లా. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి అటు పోయింది. నాటకం మాత్రం గీత గీసినచోట ఆగలేదు. బళ్ళారిలో 19వ శతాబ్దం చివర ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి, తెలుగు నాటకంలోకి పాటనూ పద్యాన్నీ గట్టిగా దింపాడు. పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ. ఆ తర్వాతి తరంలో బళ్ళారి రాఘవ. పట్నంలో ఇవి నడుస్తుంటే పల్లెల్లో తోలుబొమ్మలాట. రాముడూ సీతా కష్టాల్లో ఉండగా మధ్యలో బంగారక్క, జుట్టు పోలిగాడు, కేతిగాడు దూకి బూతులాడి పోయేవాళ్లు. ఆ నవ్వుకు సంగీతం ఏమిటంటే మద్దెల, తాళాలు, ఇంకా కాళ్ల కింద చెక్కపలకలు. పోలిగాడు తన్నులు తింటే తెర వెనక ఆడించేవాడు పలకను ధనామని తొక్కేవాడు. టామ్ మీద ఇస్త్రీపెట్టె పడ్డప్పుడు స్కాట్ బ్రాడ్లీ చేసింది కూడా, ఒక ఆర్కెస్ట్రా కూలీతో, ఇదే.

సురభి నాటక సమాజం మూలపురుషులు కూడా తోలుబొమ్మలు ఆడించిన మరాఠీ కుటుంబాలవాళ్లే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో వాళ్లు బొమ్మల్ని వదిలి మనుషులుగా రంగమెక్కారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి సురభి కమలాబాయే. తోలుబొమ్మకీ తెరకీ మధ్య దూరం మనం అనుకునేంత ఏమీ లేదు, ఒక కుటుంబమంత.

నాటకంలోకి హార్మోనియం వచ్చింది. అదేమైనా మనదా? 1840లలో పారిస్‌లో దెబాన్ చేసిన పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో తిత్తి ఊదుతూ నేల మీద కూర్చుని వాయించుకునేలా మార్చాడు. గమకం పలకదని పండితులు ఈసడించారు. ఆకాశవాణి 1940లో నిషేధించి 1971దాకా లోపలికి రానివ్వలేదు. ఆ ముప్పయ్యేళ్లూ మా వైపు పల్లెల్లో అది లేకుండా కురుక్షేత్రం ఆడలేదు, హరిశ్చంద్ర ఆడలేదు. కాబట్టి బసూన్ పరాయిది, హార్మోనియం మనది అని బల్లగుద్దడం నాకు కుదరదు. హార్మోనియం మనదైంది వేరే కారణం వల్ల.

మా చిన్నాయన హార్మోనిస్టు. కోసిగి, కౌతాళం, గోనెగండ్ల, ఆలూరు ఇవన్నీ ఆయన తిరిగిన ఊళ్లు. స్టేజీకి ఒక పక్కన, నటుడి మొహం కనిపించేలా కూర్చుంటాడు. నటుడు పద్యం చివర రాగం లాగుతుంటే ఈయన కళ్లు అతని గొంతు మీద ఉంటాయి. ‘చింతామణి’లో సుబ్బిశెట్టి వేషం వచ్చినప్పుడు చూడాలి. శెట్టి ఇంకా తెర చాటునుంచి కాలు బయట పెట్టకముందే ఒక వంకర బిట్టు. శెట్టి ఆగితే బిట్టు ఆగుతుంది. జనం నవ్వితే అదే బిట్టు ఇంకోసారి. నవ్వకపోతే చిన్నాయన చప్పున శ్రుతి మార్చి నటుణ్ణి గండం గట్టెక్కించేవాడు. (2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఆ బిట్లకు కూడా పని పోయింది.) ఈ వాయింపును ఎక్కడా రాసుకోరు. దాని సగం చేతిలో ఉంటుంది, సగం కళ్లలో.

సినిమా రీరికార్డింగులో కూడా ఆ కళ్లు ఉండేవి. మద్రాసు థియేటర్లలో తెర మీద రీలు నడుస్తుంటే కండక్టరు దాన్ని చూస్తూ చెయ్యి ఊపేవాడు, వయొలిన్ల వరసలు ఆ చేతిని చూసేవి. ఒకరు తప్పితే రీలు మళ్లీ మొదటికి. 1986లో ఇళయరాజా ‘పున్నగై మన్నన్’కు కంప్యూటరును తెచ్చాడు, అది తెలుగులో ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. ఆ రోజుల్లో ఇళయరాజా దగ్గరా, రాజ్-కోటి దగ్గరా కీబోర్డు వాయించిన కుర్రాడు 1992లో ‘రోజా’తో బయటపడ్డాడు. ఒక గది, ఒక మనిషి, కొన్ని యంత్రాలు చాలని రహమాన్ నిరూపించాక ఎంతమంది వయొలిన్‌వాళ్లకు పని తగ్గిందో మద్రాసు వెళ్లి అడిగితే చెప్తారు. నాలాంటివాడికి పని దొరికిందీ అందువల్లే. నేత పనివాడి కొడుక్కి ఎనభైమంది ఆర్కెస్ట్రా ఏ కాలంలో దక్కేది? ఇప్పుడైతే బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా శాంపిల్స్‌లో చిన్న మూట ఒకటి ఉచితంగానే దింపుకోవచ్చు. నేను ఆ యంత్రాల మీద ఉమ్మేస్తే కృతఘ్నుణ్ణవుతాను.

టీవీలోనూ మొదట్లో మనుషుల వాసన ఉండేది. 1980లలో దూరదర్శన్ ‘మాల్గుడి డేస్’కు ఎల్. వైద్యనాథన్ చేసిన సంగీతం తలుచుకోండి. మనిషి గొంతుతో నాలుగు అక్షరాలు, అంతే. ఆ నలభయ్యేళ్ల నాటి ముక్క విని నవ్వుమొహం పెట్టని వాణ్ణి నేను చూడలేదు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. 2001 నుంచి 2007 దాకా నడిచిన ‘అమృతం’కు కల్యాణి మాలిక్ కట్టిన, సిరివెన్నెల రాసిన టైటిల్ పాట ఇప్పటికీ పెళ్లిళ్లలో వినిపిస్తుంది. అది వారానికోసారి వచ్చే సీరియల్. ఆ తర్వాత రోజూ వచ్చే సీరియళ్ల కాలం మొదలై, లెక్క మారిపోయింది. రోజుకు ఇరవై నిమిషాల పైన బొమ్మ, వారానికి అయిదారు రోజులు. ఏ సంగీత దర్శకుడు ప్రతి సీనూ చూసి వాయిస్తాడు?

వాయించడు. సీరియల్ మొదలుపెట్టేటప్పుడే మా చేత ఒక బ్యాంకు చేయిస్తారు. ఏడుపు పది, కుట్ర పది, ప్రేమ ఎనిమిది, కామెడీ పది. కామెడీలో మళ్లీ కాఫీ కామెడీ, పనిమనిషి కామెడీ, దొంగచాటు కామెడీ. ఫైళ్లు పంపేస్తే మన పని అయిపోయినట్టే. ఎడిటరు తన అవసరాన్ని బట్టి ఎక్కడ కావాలంటే అక్కడ పరుస్తాడు, తెల్లారేలోపు ఎపిసోడు పోవాలి కాబట్టి. నా ‘దొంగచాటు 3’ను ఒకసారి శ్రాద్ధం సీన్లో విన్నాను. పిండం పెడుతున్నది దొంగ మామగారు, అది కథలో మలుపట.

ఇదంతా చిన్నాయనకు చెప్తే చాలాసేపు విన్నాడు.

“అయితే ఎవుర్ని సూస్కోని వాయిస్తావురా నువ్వు?”

“ఎవర్నీ లేదు చిన్నాయనా. బొమ్మ ఇంకా తీసుండరు గదా అప్పటికి.”

“అట్లైతే నువ్వు కాంపౌండరువి. పొట్లాలు కట్టిస్తాండావు.”

పోయిన సంక్రాంతి తర్వాత, నీలకంఠేశ్వరుని జాతర సందడి తగ్గాక, ఆయన హార్మోనియాన్ని శాంపిల్ చేద్దామని మైకులు తీసుకుని ఊరికి పోయాను. మూడున్నర స్థాయిలు, 42 మీటలు. తిత్తి మెల్లగా, మామూలుగా, గట్టిగా, మూడు రకాలు. ఒక్కోటి నాలుగుసార్లు. అంటే 504 స్వరాలు. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి కూర్చున్నాం. ఇరవయ్యో స్వరానికే ఆయనకు విసుగొచ్చింది. “ఒట్టి స్వరం ఎట్ల వాయించేదిరా, ముందూ యెనకా ఏమీ లేకుండా?” అన్నాడు. స్వరం అడిగితే చెయ్యి దానంతటదే బిట్టులోకి పోతుంది. రెండు రోజులు పట్టింది 504కు. ఆ లెక్కలో లేనివి, ఆయన చెయ్యి ఆగక జారిన బిట్లు, ఇంకో నలభై నిమిషాలు. సుబ్బిశెట్టి రాక ఉంది. నక్షత్రకుడు హరిశ్చంద్రుణ్ణి సతాయించే నడక ఉంది. వాకిట్లో పడున్న పాత చెక్కను కాలితో తన్ని పోలిగాడి దెబ్బలు కూడా తీసుకున్నాను. ఫోల్డరుకు 129 అని పేరు పెట్టాను.

ఆ ఎండాకాలం ఒక కొత్త సీరియల్‌కు 129తో కామెడీ బ్యాంకు చేసి పంపాను. చానల్ ఏదైతేనేం, ఫోన్లో మర్యాదగానే చెప్పారు: బాగుంది, కానీ ఊరి నాటకంలా ఉంది, కాస్త క్లాస్‌గా కావాలి. అదే బిట్లను, అవే స్వరాలతో, పిజ్జికాటోలోకి మార్చి పంపితే ఆ సాయంత్రమే ఒప్పుకున్నారు. సుబ్బిశెట్టి వియన్నా కోటు తొడుక్కుని లోపలికి వెళ్లాడు. అయినా ఒకటి మాత్రం కోటు లేకుండానే పోయింది. మార్చాల్సిన జాబితాలోంచి నేనే దాన్ని తీసేసి, పాత ఫైలును అలాగే కలిపి పంపాను.

మూడు వారాలకు రాత్రి తొమ్మిదింటికి చిన్నాయన ఫోన్ చేశాడు. వెనక టీవీ మోగుతోంది, ఎవరో ఎవరి మీదో నీళ్లు పోసినట్టున్నారు.

“ఒరే, నా బిట్టు ఇప్పుడే వచ్చింది.”

“ఎట్లుంది?”

“బిట్టు నాదే. ఐతే ముందే పడింది. వాడింకా వాకిట్లోకే రాలా.”